తారుబొగ్గు సీసా

ఆయన పోయాడని నాకు చెప్పింది నా జూనియరు, అదీ పన్నెండు రోజుల తర్వాత. "అదేంటి సార్, మీకు తెలీదా? పెద్దకర్మకైనా వస్తారేమోనని చూశాను," అంది ఫోన్లో. ఊళ్ళో లేనమ్మా అన్నాను. ఉన్నాను. మా ఇంటి వరండాలోనే కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆయన విషయంలో నేనాడిన అబద్ధాలకి ఇంకొకటి కలిసింది, అంతే.

ఆయన మా యూనివర్సిటీ కెమిస్ట్రీ లాబులో అటెండరు. పేరు రాయను. ఆ పేరు రాయాల్సిన చోటు ఒకటుండేది, నా థీసిస్ మొదట్లో కృతజ్ఞతలు చెప్పుకునే పేజీ. అందులో మా గైడుగారికి చెప్పుకున్నాను, ఆయన భార్యకి చెప్పుకున్నాను, హాస్టల్ వార్డెనుకి, ఆఖరికి జిరాక్సు షాపు అతనికి కూడా చెప్పుకున్నాను. ఈయనకి చెప్పలేదు. అక్కడ రాయనివాణ్ణి ఇప్పుడు తీరిగ్గా ఇక్కడ రాసి పుణ్యం కట్టుకుందామంటే నాకే సిగ్గుగా ఉంది. లాబులో అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఇక్కడా బాబాయే.

పొద్దున్నే తగరపువలస నుంచి బస్సులో వచ్చేవాడు. ఖాకీ చొక్కా, జేబులో దువ్వెన, కుడిచెవి మీద ఒక చుట్ట. ఆ చుట్ట పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలా చెవి మీదే ఉండేది. యూనివర్సిటీ గేటు దాటి బస్టాపుకి వెళ్ళాకే వెలిగించేవాడు. "లోపల బాస్పరం ఉన్నాది గదా బాబూ, దానికి కోపమొస్తే మనకి నేదు రేపు," అనేవాడు. లాబు గుమ్మం దగ్గర చెప్పులు విప్పేవాడు. మిషన్లతో మాట్లాడేవాడు. వాక్యూమ్ పంపు మొరాయిస్తే దాని మీద చెయ్యేసి, "ఓలమ్మా, ఏటే నీ బాద? మొన్న ఉగాదికే నూనె మార్సినాం గదే," అని బుజ్జగించేవాడు. మేము కృష్ణా జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఇక్కడికి వలస వచ్చిన కుటుంబం. ఇక్కడి మాట మాకు ఎగతాళి. బాబాయ్ 'నాను' అనడం, 'ఏటి' అనడం హాస్టల్లో అనుకరించి చూపించి స్నేహితుల్ని నవ్వించేవాణ్ణి. ఒకసారి లాబులో అలా ఊపు మీదుండగా చూస్తే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చూసి, "బాగా సేసినారు బాబూ, మా తమ్ముడు మాటాడినట్టే ఉన్నాది," అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ రోజుకి నాకది సిగ్గనిపించలేదు. పైగా ఆయన్ని కూడా నవ్వించానని సంబరపడ్డాను.

ఆయన అలవాట్లలో ఒకటి మాత్రం ఎవరికీ ఎగతాళి కాదు. లాబులో ఏదైనా ఆయన చేతిలో పగిలితే, ఎవరూ అడక్కుండానే నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసిపెట్టేవాడు. బడిలో నేర్చిన గ్రాంథికంలో, గుండ్రటి అక్షరాలతో. 'ఈ దినమున నా వలన ఒక బీకరు పగిలినది.' కింద సంతకం. ఎవరికి నష్టమో వాళ్ళొచ్చి చదువుకునే దాకా దాన్ని చెరపనిచ్చేవాడు కాదు. ఎందుకు బాబాయ్, మొక్కుబడా అని అడిగితే, "ఏమో బాబూ, రాసీతే కడుపు తేలికయిపోద్ది," అనేవాడు.

నా పని భాస్వరంతో. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. ఛార్జి చేసుకునే బ్యాటరీలో ఒకవైపు గ్రాఫైటు పూత ఉంటుంది. ఛార్జి ఎక్కేటప్పుడు లిథియం వచ్చి అందులో దూరుతుంది, వాడేటప్పుడు బయటికి వస్తుంది. గ్రాఫైటుకి బదులు ఎర్ర భాస్వరం పెడితే చాలా రెట్లు ఎక్కువ లిథియాన్ని పట్టుకుంటుంది. చిక్కేమిటంటే, పట్టుకున్నప్పుడల్లా ఉబ్బుతుంది, వదిలినప్పుడల్లా కుంగుతుంది, నాలుగు రోజుల్లో పగిలి రాలిపోతుంది. దానిలోంచి కరెంటు కూడా సరిగ్గా పారదు. అందుకని దాన్ని కార్బన్‌తో కలిపి, ఉక్కు గుండ్లు వేసిన డబ్బాలో మూతపెట్టి, మిల్లులో గంటలకొద్దీ నూరాలి. ఉబ్బినా చెదరకుండా కార్బన్ దాన్ని పొదివి పట్టుకోవాలి. నేనిదంతా చెబితే బాబాయ్ చక్కగా విని, "అంటే బాలింతకి నడికట్టు కట్టినట్టన్నమాట," అన్నాడు. అంతకంటే తేలిగ్గా నేను ఈనాటి దాకా నా విద్యార్థులకి చెప్పలేకపోయాను.

మిల్లు తిప్పేది ఆయనే. నాకు ఎప్పుడూ తొందర. మిల్లు ఆగగానే మూత తీసేద్దామని ఎగబడేవాణ్ణి. ఆయన అరచేయి అడ్డం పెట్టి, చేతి వెనకవైపుతో డబ్బాని తాకి చూసేవాడు, పిల్లలకి జ్వరం చూసినట్టు. "సల్లారనీండి బాబూ. వేడి మీద ఏ మూతా తియ్యకూడదు, డబ్బాదైనా నోటిదైనా." నా ఐదేళ్ళ రీసెర్చిలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఒక వేసవిలో నాకు కామెర్లు వచ్చాయి. నెలరోజులు ఇంటికెళ్ళి పథ్యం తిన్నాను. వెళ్ళేముందు రెండు నెలలు కష్టపడి చేసిన పొడిని, భాస్వరమూ గ్రాఫైటూ కలిపి నూరినదాన్ని, సీసాలో పెట్టి లేబులు అంటించి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సీసా ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. బాబాయ్ మాత్రం లేడు. చెయ్యి కాలిందట, సెలవులో ఉన్నాడట. కొలిమి దగ్గర కాల్చుకుని ఉంటాడని అందరూ అనుకున్నారు. తగరపువలస ఎంత దూరమని, ఒక గంట బస్సు. చూసి రావచ్చు. వెళ్ళలేదు.

ఆ పొడితో రూపాయి బిళ్ళంతేసి బ్యాటరీలు కట్టాను. అంతకుముందు చేసినవన్నీ పదిసార్లు ఛార్జి ఎక్కించి దింపేసరికి చతికిలబడేవి. ఇవి ఇరవై దాటాయి, ముప్పై దాటాయి, యాభై దాటినా అలాగే నిలబడ్డాయి. గైడుగారు కంప్యూటర్ తెరమీద ఆ గీతని చూసి నా భుజం తట్టారు. ఆయన ఎవరి భుజమూ తట్టే రకం కాదు. వారం తిరక్కుండా పేపరు రాసి పంపాం. భాస్వరం ఇంత, గ్రాఫైటు ఇంత, ఇన్ని గంటలు నూరాలి అని వివరంగా రాశాను. హైదరాబాదులో ఒక సభలో గైడుగారు దాని గురించి చెప్పొచ్చారు. నాకు ఉద్యోగం గ్యారంటీ అని హాస్టలంతా అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

ఆ తర్వాత ఒక సోమవారం నేను లాబుకి వెళ్ళేసరికి బాబాయ్ వచ్చి ఉన్నాడు. కుడిచేతికి గుడ్డకట్టు. ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుని, వంకర టింకరగా, బోర్డు మీద ఆఖరి అక్షరాలు రాస్తున్నాడు. నేను వెనకనుంచి చదివాను.

'బాబుగారి భాస్వరము సీసా నా చేయి జారి పగిలి కాలిపోయినది. నేనే మరల చేసి వేరొక సీసాలో ఉంచితిని. గ్రాఫైటు అయిపోయినందున తారుబొగ్గు వేసితిని.'

తారుబొగ్గు అంటే చెప్పాలి. తొంభైల్లో మా లాబులో ఇంకొక సీనియరు ఉండేవాడట. ఉక్కు ఫ్యాక్టరీ కోక్ బట్టీల్లో మిగిలే తారుని గడ్డలుగా తెచ్చి, లాబు కొలిమిలో కాల్చి కార్బన్ చేసేవాడు. ఏదో పని కోసం చేశాడు, అది ముగించకుండానే వెళ్ళిపోయాడు. ఆ నల్లపొడి సీసా బీరువాలో పదేళ్ళుగా పడి ఉంది. కాల్చింది బాబాయే కాబట్టి ఆ సీసా అంటే ఆయనకి ముద్దు, ఏటా దుమ్ము తుడిచేవాడు.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాను.

"తప్పయిపోనాది బాబూ. సీసా పెట్టిలోకి మారుత్తన్నాను, జారిపోనాది. బగ్గున అంటుకున్నాది. ఇసక పోసీసినాను. మీరు రెండు నెల్లు పడ్డ కష్టం గదా, జొరంతో ఇంటికాడ ఉన్నారు గదా, వచ్చి సూసి ఏటవుతారో అనిపించినాది. మీ పుస్తకంలో ఉన్నట్టే తూసి ఏసినాను, ఉన్నట్టే తిప్పినాను. గ్రాఫైటు నేదు. బొగ్గూ బొగ్గే గదా, నలుపూ నలుపే గదా అని ఇది ఏసినాను. రెండ్రోజులు తిప్పి, మీ లేబులు ఊడదీసి కొత్త సీసాకి అంటించినాక అప్పుడెల్లినాను ఆసుపత్రికి. బోర్డు మీద రాసీ ఓపిక అప్పుడు నేకపోనాది."

"కాలిన చేత్తోనా?"

"ఎడంచెయ్యి ఉన్నాది గదా," అన్నాడు.

నేను ఆ చేతి వంక చూడాల్సింది. చూడలేదు. బోర్డు వంక చూశాను, తర్వాత తలుపు వంక. గైడుగారు వచ్చే వేళైంది. బల్లమీది డస్టరు తీసుకుని, ఆయన పక్కన నిలబడే ఉండగా, ఆ మూడు వాక్యాలూ తుడిచేశాను. సంతకంతో సహా.

"అదేటి బాబూ?" అన్నాడు బాబాయ్. ఇన్నేళ్ళలో ఆయన బోర్డు మీద అలా ఎవరూ చెయ్యెయ్యలేదు.

"పేపరు వెళ్ళిపోయింది బాబాయ్. గ్రాఫైటని రాసేశాం. ఇప్పుడిది బయటికొస్తే నా బతుకు రోడ్డు మీద పడుతుంది. గైడుగారి పరువు పోతుంది. ఎవరికీ చెప్పనని మాటివ్వండి."

ఆయన సుద్దముక్కని బోర్డు అంచున పెట్టాడు. "తప్పు సేసింది నానయితే మీకేటవుద్ది బాబూ? నాను సేసినానని సెప్పీండి," అన్నాడు. ఆ మాట ఎంత సరైనదో నాకు అప్పుడే తెలుసు. గైడుగారికి చెబితే ఒక గంట అరుస్తారు, పత్రికకి ఉత్తరం రాస్తారు, అంతే. అంతకంటే పెద్ద సంగతి కొద్దిరోజుల్లోనే తెలిసింది. ఆ మధ్యాహ్నమే నేను రెండు డబ్బాలు మిల్లుకి పెట్టాను, ఒకదాంట్లో గ్రాఫైటు, ఒకదాంట్లో తారుబొగ్గు. గ్రాఫైటుది పదిసార్లకే పడిపోయింది. తారుబొగ్గుది నిలబడింది. గ్రాఫైటు రేకులు నున్నగా ఉంటాయి, భాస్వరాన్ని పట్టుకోవు. తారుబొగ్గు అంచులు గరుకు, పట్టి వదలవు. మన ఊరి ఫ్యాక్టరీ తారుతో బ్యాటరీ నిలబడుతుందని చెప్పి ఉంటే, నేను రాసిన పేపరు కంటే అది పదిరెట్లు మంచి పేపరు. నిజం చెబితే లాభమే ఉంది. అయినా చెప్పలేదు. ఎందుకంటే చెబితే అది అటెండరు చెయ్యి జారి కనిపెట్టింది అవుతుంది, నేను కనిపెట్టింది కాదు. ఇదీ అసలు సంగతి. పరువూ గిరువూ అంతా పైపై మాటలు.

ఆ పొద్దున మాటిచ్చే దాకా ఆయన్ని వదల్లేదు. "సరే బాబూ, సెప్పను," అన్నాడు చివరికి. తర్వాత ఆ తారుబొగ్గు సీసాని స్టోరురూములో అట్టడుగున పెట్టించాను. ఆ రోజునుంచి నా బల్ల దగ్గర టీ తాగడం మానేశాడు. టీ తెచ్చి పెట్టేవాడు, తనది తీసుకుని వరండాలోకి పోయేవాడు.

పేపరు అచ్చయింది. థీసిస్ అయింది. అదే డిపార్ట్‌మెంటులో తాత్కాలికంగా పాఠాలు చెప్పే పని దొరికింది, పర్మినెంటు అవుతుందని ఎదురుచూపు. అప్పుడు చేరింది సబ్బవరం అమ్మాయి, మొదట్లో చెప్పిన జూనియరు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. గైడుగారు ఆమె చేతిలో నా పేపరు పెట్టి, ముందు ఇది చేసి చూపించు, ఆపైన పెంచుదాం అన్నారు. ఆ పిల్ల అక్షరం పొల్లుపోకుండా చేసింది. భాస్వరం, గ్రాఫైటు, అన్ని గంటలూ. పదిసార్లకే పడిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ పడింది. గ్రాఫైటు మార్చింది, గుండ్లు మార్చింది. ఏడాదిన్నర. "సార్, నేనేం తప్పు చేస్తున్నానో చెప్పండి సార్," అని నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికే వచ్చేది. నేను కళ్ళజోడు పెట్టుకుని, పేజీలు తిప్పి, "శుభ్రత సరిపోవట్లేదమ్మా," అనేవాణ్ణి. ఛీ.

ఒక సాయంత్రం బస్టాపులో బాబాయ్ నా కోసం కాచుకుని ఉన్నాడు. చుట్ట చేతిలో ఉంది గానీ వెలిగించలేదు.

"ఆ పాప ఏడుత్తన్నాది బాబూ. మిల్లు కాడ కూకోని ఏడుత్తన్నాది. సూళ్ళేకపోతన్నాను. మీరు సెప్పీండి."

"ఇంకో రెండు నెలలు ఆగండి బాబాయ్. నా పర్మినెంటు ఆర్డరు రానివ్వండి."

"నాను సెప్పీగల్ను. మీకిచ్చిన మాట అడ్డం ఉన్నాది. ఆ మాట మీరు తీసీసుకోండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

నిజంగానే చేతులెత్తాడు. కాలిన చెయ్యి పూర్తిగా తెరుచుకోవట్లేదు, రెండు వేళ్ళు వంగిపోయే ఉన్నాయి. తండ్రి వయసు మనిషి బస్టాపులో నాకు దణ్ణం పెడుతుంటే, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకున్నాను. భీమిలి బస్సు వస్తే అది నాది కాకపోయినా ఎక్కేశాను.

నెలయ్యాక గైడుగారు అందర్నీ తన గదిలో కూర్చోబెట్టారు. ప్రాజెక్టు మీద పైనుంచి ప్రశ్నలు వస్తున్నాయి. పేపర్లో వచ్చిన ఫలితం రెండోసారి ఎందుకు రావడం లేదు? ఆ పిల్ల మూల కుర్చీలో తలొంచుకుని కూర్చుంది. గైడుగారు బాబాయ్‌ని పిలిచారు.

"ఏమయ్యా, ఇతనికి చేసినట్టే ఈ అమ్మాయికీ చేస్తున్నావా? నిజం చెప్పు. నీ మాట మీద నాకు నమ్మకం ఉంది."

గైడుగారు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ లాబులో అబద్ధం ఆడని మనిషి ఎవరంటే అందరూ ఆయన్నే చూపించేవారు. బాబాయ్ నా వంక చూశాడు. కోపంగా కాదు. ఇప్పుడు చెప్పండి బాబూ, ఇదే సమయం అన్నట్టు చూశాడు. నాకు నోరు పెగల్లేదు అని రాస్తే అదొక అబద్ధం. నోరు బాగానే ఉంది. నేనే తెరవలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"నా సెయ్యేనండి," అన్నాడు బాబాయ్. "కాలినకాడి నుంచి పట్టు తప్పినాది. మూత సరిగ్గా బిగీటం నేదు. గాలి పోతన్నాదేమో. పాప తప్పేటీ నేదండి."

ఆయన్ని ఆ వారమే మిల్లునుంచి తప్పించి స్టోరుకి మార్చారు. ఇరవై ఏళ్ళుగా తన చేత్తో తిప్పిన మిల్లు దగ్గరికి ఇంక రావద్దన్నారు. ఆ పిల్ల వేరే వాళ్ళ చేత ఇంకో ఆరు నెలలు తిప్పించి, అప్పటికీ రాక, చదువు మానేసి ఊళ్ళో బడిలో పంతులమ్మగా చేరింది. నాకు పర్మినెంటు ఆర్డరు వచ్చింది. లడ్డూలు పంచాను. స్టోరుకి కూడా ఒకటి పంపించాను, నా మొహం చూపించలేక ఇంకో అటెండరు చేత. తిన్నాడో లేదో అడగలేదు. ఆర్డరు వచ్చాక చెబుతానన్న మాట నాకు గుర్తుంది. ఆయనకీ గుర్తుండే ఉంటుంది. ఒక్కసారి కూడా అడగలేదు.

మొన్న ఫోన్లో ఆ అమ్మాయి అంది, "బాబాయ్ ఆఖర్న కూడా నా చదువు గురించే బాధపడ్డాడు సార్. నా చెయ్యి బాగుంటే నీకు డాక్టరేటు వచ్చేదే పాపా అనేవాడు." ఆమెకి ఇంకా తెలియదు. ఇది చదివి తెలుసుకోవాలి. ఫోన్లో చెప్పడానికి నాకు మొన్న కూడా ధైర్యం చాల్లేదు.

ఆయన రిటైరైన రోజు సెమినార్ హాల్లో చిన్న సభ పెట్టారు. ఒక స్వీటు, మిక్చరు, టీ. ఆ లాబు పాత విద్యార్థిగా శాలువా నన్నే కప్పమన్నారు. కప్పాను. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని ఆయన నిజాయితీ గురించి పది నిమిషాలు మాట్లాడాను. బాగా మాట్లాడానని పక్కావిడ మెచ్చుకుంది కూడా. తర్వాత ఆయన్ని మాట్లాడమన్నారు. శాలువా జారిపోకుండా వంగిపోయిన వేళ్ళతో పట్టుకుని మైకు దగ్గరికి వచ్చాడు.

"నాను ఎక్కువ మాటాడనేనండి. ముప్పయ్యేళ్ళు ఉజ్జోగం సేసినాను. అంతట్లో ఒక్క అబద్దం ఆడినాను. అదొక్కటీ బాగునేదు. మిగతాదంతా బాగున్నాది. ఎల్లొత్తానండి."

హాలంతా నవ్వింది. "ఏం అబద్ధమోయ్, సెలవు చీటీయా?" అన్నారు గైడుగారు. ఇంకా నవ్వారు.

"అలాటిదే అనుకోండి," అన్నాడు బాబాయ్.

నేనూ నవ్వాను. అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టింది కూడా నేనే.